యార్కు నగరంలో ఇంటి బేరం

ఇంగ్లండులోని కేథడ్రల్ నగరాల చరిత్ర రాసేవారు సాధారణంగా గోపురాలనూ, రంగుటద్దాల కిటికీలనూ, ఆర్చిబిషప్పుల వంశావళినీ వర్ణించి ఊరుకుంటారు. ఆ గోపురం నీడన ఉన్న ఇళ్లు ఎవరివి, వాటి అద్దె ఎవరి సంచిలోకి పోయింది, వాటిని ఎవరు కొన్నారు, ఎవరు కొనలేకపోయారు అనే ప్రశ్నలు అరుదుగా వేస్తారు. ఉత్తర ఇంగ్లండులోని యార్కు విషయంలో ఈ ప్రశ్నలు వేసి చూడటం అవసరమని నా అభిప్రాయం. ఈనాడు ఆ ఊళ్లో ఇల్లు అమ్మేవాడు గోడలకన్నా ముందు ఆ గోడల వయసును అమ్ముతున్నాడు. వయసుకు ఇంత ధర ఎక్కడినుంచి వచ్చింది?

గుడ్‌రంగేట్ వీధిలో హోలీ ట్రినిటీ చర్చి ఆవరణ అంచున ‘లేడీ రో’ అనే ఇళ్ల వరస ఉన్నది. 1316 నాటిది. కింద ఒక గది, పైన వీధిమీదికి కాస్త ముందుకు వచ్చిన మరొక గది, ఇల్లంటే అంతే. ఇంగ్లండులో ఈ తరహావి నిలిచి ఉన్నవాటిలో అతి పాతవాటిలో ఇదొకటి. యాత్రికులు ముచ్చటపడి చూస్తారు. చూడవలసిందే. అయితే అది అద్దెకోసమే కట్టిన వరస. ఆ అద్దె చర్చిలో నిత్యం ప్రార్థన జరిపే పురోహితుడి పోషణకు ఏర్పరచిన మాన్యం. బతికి ఉన్నవారిని శ్మశానపు అంచున కాపురం పెట్టి, వారిచ్చే డబ్బుతో చచ్చినవారికి సద్గతి ఏర్పాటు చేశారన్నమాట!

ఇది ఒక్క చర్చి సంగతి కాదు. మహాలయమైన యార్కు మిన్‌స్టర్‌లో కీర్తనలు పాడే చిన్నతరగతి పురోహితుల సంఘానికి నగరంలో వందకు పైగా ఇళ్లుండేవి. బెడెర్న్ అనే ఆవరణలో వారు కలిసి భోంచేసేవారు. ఆ భోజనం ఇళ్ల అద్దెలమీద నడిచింది. ఆ రోజుల్లో వర్తకులు స్థలాలు కొనేవారు, అమ్మేవారు. కాని నగరంలో ఎక్కువమందికి ఇల్లంటే అద్దె కొంపే. చేతులు మారినది తరచు ఆ అద్దె వసూలుచేసే హక్కే.

పదహారవ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేశాడు. 1547 నాటి చట్టంతో ప్రార్థన మాన్యాలు కూడా రాజు వశమైనవి. అదే సంవత్సరం మిన్‌స్టర్ కోశాధికారి పదవి రద్దయింది. కోశం పోయిన తరువాత కోశాధికారి దేనికి? ఆయన భవనం ఆర్చిబిషప్పుల చేతికి పోయి, తరువాత శ్రీమంతుల చేతులు మారి, కాలక్రమాన ముక్కలై పలు కాపురాల కొంపయింది. 1897నుంచి ఫ్రాంక్ గ్రీన్ అనే పారిశ్రామికుడు ఆ ముక్కలు కొని, అతికించి, పాత కళ తెప్పించి, 1930లో నేషనల్ ట్రస్టుకు దానమిచ్చాడు. మతసంస్కరణ గొప్ప విప్లవమని కొందరంటారు. కిరాయిదారుకు మాత్రం యజమాని పేరు మారింది, అద్దె మారలేదు.

అసలు కథ ఇక్కడినుంచి. పాత ఇళ్లు పాతబడి అలాగే మిగలటానికి కారణం భక్తిగాని, కళాభిమానంగాని కాదు. పడగొట్టి కొత్తవి కడితే లాభం లేనంతకాలం వాటిని పేదలకు వదిలివేశారు. పురోహితులు భోంచేసిన బెడెర్న్‌లో, 1840ల కరువుకు తాళలేక ఐర్లండునుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు కిక్కిరిసి బతికినవి. ఫాస్ నది ఒడ్డున హంగేట్ పేట మరొక మురికికూపం.

ఈ సంగతులను లెక్కలతో బయటపెట్టినవాడు ఆ ఊరి చాకొలేటు ఫ్యాక్టరీ యజమాని కొడుకే కావటం చరిత్రలోని చమత్కారం. సీబోమ్ రౌన్‌ట్రీ 1899లో కార్మిక కుటుంబాలను ఇంటింటికీ వెళ్లి విచారింపజేశాడు. 11,560 కుటుంబాలు, 46,754 మంది మనుషులు. నగర జనాభాలో 27.84 శాతం దారిద్ర్యంలో ఉన్నారని 1901లో ప్రకటించాడు. దారిద్ర్యం లండను మురికివాడలకే పరిమితమని నమ్మిన పెద్దమనుషులకు అది చెంపపెట్టు. ఆ గ్రంథంలో నన్ను ఎక్కువగా నిలవేసినది అద్దెల పట్టిక. వారానికి 18 షిల్లింగులకన్నా తక్కువ వచ్చే కుటుంబం ఆదాయంలో సుమారు 29 శాతం అద్దెకే పోసేది. 60 షిల్లింగులు దాటినవారికి అది సుమారు 9 శాతం. ఇల్లెంత అధ్వాన్నమైతే అద్దె భారం అంత ఎక్కువ! మార్కెటు న్యాయమంటే ఇదే కాబోలు.

రౌన్‌ట్రీల ఔదార్యాన్ని నేను తీసిపారెయ్యను. 1902లో ఊరి బయట న్యూ ఎర్స్‌విక్ అనే గ్రామాన్ని రేమండ్ అన్విన్, బారీ పార్కర్‌లచేత ప్రణాళిక వేయించి కట్టించారు. తోటలున్న మంచి ఇళ్లు. కాని అడుగున ఉన్న కూలీకి అక్కడి అద్దె కూడా అందలేదు. దయగల యజమాని ఊరి చివర గ్రామం కట్టగలడు. ఊరి నడుమ నేల ధరను మార్చలేడు.

1919 చట్టం తరువాత నగరపాలక సంస్థ టాంగ్ హాల్ వంటి చోట్ల అద్దె ఇళ్లు కట్టింది. 1930లలో హంగేట్‌ను పడగొట్టి అక్కడివారిని ఇటువంటి పేటలకు తరలించారు. నీళ్లకుళాయి, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉండటం వారికి నిజమైన లాభం. దీన్ని చిన్నచూపు చూడరాదు. కాని మురికివాడల సమస్యకు పెట్టుబడిదారీ సమాజం చూపే పరిష్కారం దాన్ని మరొకచోటికి నెట్టటమేనని ఎంగెల్స్ 1872లోనే వాదించాడు. హంగేట్ విషయంలో సమస్యకు బదులు మనుషులను నెట్టారు. నేల మాత్రం అక్కడే ఉండి, తన రోజుకోసం కాచుకున్నది.

ఆ రోజు రావటానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. 1968లో లార్డ్ ఈషర్ యార్కు పరిరక్షణపై నివేదిక ఇచ్చాడు. ప్రాకారాల లోపల పరిశ్రమలు తీసివేసి మళ్లీ మనుషులను కాపురం పెట్టాలన్నాడు. మంచి మాటే. ఏ మనుషులను అన్నది ధరే తేల్చింది. 1980 హౌసింగ్ చట్టం నగరపాలక సంస్థ ఇళ్లను అందులో ఉన్నవారికే 33నుంచి 50 శాతం తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. కొన్న కార్మికుణ్ణి నేను తప్పుపట్టను. తనకొక నీడ దొరికింది. అయితే ఒకసారి అమ్ముడైన ఇల్లు రెండోసారి బజారు ధరకే అమ్ముడవుతుంది. అతని పిల్లల తరానికి తగ్గింపూ లేదు, తక్కువ అద్దె ఇల్లూ లేదు.

హంగేట్‌లో 2006నుంచి అయిదేళ్లపాటు పురావస్తు తవ్వకాలు జరిగినవి. రౌన్‌ట్రీ నాటి ఇళ్ల పునాదులు, పలు కుటుంబాలు పంచుకున్న మరుగుదొడ్లు బయటపడినవి. వాటిని శ్రద్ధగా నమోదుచేశారు. ఆ నేలమీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేచినవి. 2005లో మూతపడిన టెర్రీ చాకొలేటు ఫ్యాక్టరీ కూడా నివాసాలైపోయింది. కార్మికుడు పనిచేసిన గది, అతని పని పోయిన తరువాత, ఎత్తయిన కప్పుగల అపార్టుమెంటుగా అమ్ముడవుతున్నది.

పాత ఇళ్లను కాపాడటం తప్పని నేననటం లేదు. కాపాడేందుకు ప్రజాధనం ఖర్చవుతుండగా, పెరిగిన విలువ మాత్రం పట్టా ఉన్నవాడి జేబులోకి పోవటాన్ని గురించే నా మాట. యుద్ధానంతరం షాంబుల్స్ వీధిని బాగుచేయించింది నగరపాలక సంస్థే. 1872లో అక్కడ 25 మాంసం దుకాణాలుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు, ఉన్నవి యాత్రికులకోసం. యాత్రికులు పెరిగినకొద్దీ కాపురపు ఇళ్లు రోజు అద్దె వసతులుగా మారసాగినవి. వీటికి లైసెన్సు ఉండాలని యార్కు సెంట్రల్ సభ్యురాలు రేచల్ మాస్కెల్ 2022లో కామన్స్ సభలో బిల్లు పెట్టింది. అది చట్టం కాలేదు.