గుస్సాడి కిరీటము

మందమర్రి పేరు వినఁగానే భూగర్భమునుండి త్రవ్వితీయు బొగ్గు స్ఫురించును. నేలమీఁద రాలినదానిని ఏరి కళగా మలచు సంప్రదాయమును ఆ సీమయందే కలదు. దాని కంత ప్రసిద్ధి లేదు.

పూర్వపు ఆదిలాబాదు మండలమందలి రాజగోండులు దీపావళికి జరుపుకొను పండుగ దండారి. నర్తకబృందములు ఊరినుండి యూరికిఁ బోవుచుండును. మందమర్రి యున్న మంచిర్యాల జిల్లాలోనే, గోదావరి యొడ్డున గుడిరేవు కడనున్న పద్మల్‌పురి కాకో సన్నిధికి దూరగ్రామములనుండియు బృందములు వచ్చును. వారిలో గుస్సాడి వేషధారి ప్రధానుఁడు. అతని శిరమున నెమలియీఁకలు గుబురుగాఁ గూర్చిన పెద్దకిరీటము, దానికిఁ గొమ్ములు, అద్దపుతునుకలు. భుజమున తోలు, ఒడలినిండ బూడిద, నడుమున గజ్జెలు, చేతఁ గఱ్ఱ. వీనిలో అడవి యిచ్చినవి కొన్ని, మంద యిచ్చినవి కొన్ని, పొయ్యి యిచ్చినది యొకటి. అద్దము మాత్రము అంగడిది.

1912లో పికాసో కుర్చీయల్లికను అచ్చొత్తిన మైనపుగుడ్డను చిత్రమున నంటించెను. 1917లో డుషాఁ మూత్రశాల పాత్రనొకదానిని న్యూయార్కు ప్రదర్శనకుఁ బంపెను. దొరకిన వస్తువే కళయగుట అప్పుడే పుట్టినదని కొంద ఱందురు. ఇది తొందరపాటు మాట. అయినను రెండును ఒకటేయనుటయుఁ దగదు. డుషాఁ వస్తువును దాని తావునుండి వేఱుచేసెను. ఆ వేఱుచేయుటయందే దాని యర్థము. గుస్సాడి కిరీటమున ఈఁక నెమలిదిగానే యుండును, కొమ్ము జంతువుదిగానే యుండును. ధరింపకముందే వేషసామగ్రికిఁ బూజ జరుగును. ధరించినవానియందు దేవత యావహించునని నమ్మిక. పండుగనాళ్లలో అతఁడు స్నానమాడఁడు. అలంకార మనుమాట యిచటఁ జాలదు.

1940 దశకమున మార్లవాయిలో నివసించిన హైమెండార్ఫ్ రాజగోండులనుగూర్చి 1948లో గ్రంథము ప్రకటించెను. ఆ మార్లవాయి వాస్తవ్యుఁడే గుస్సాడి కనక రాజు. ఆయన యువకుల కీ నృత్యమును నేర్పెను. 2021లో పద్మశ్రీ పొందెను. 2024లో దివంగతుఁ డయ్యెను.

1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టమున నెమలివేఁట నిషిద్ధము. తమంతట రాలిన యీఁకల కా నిషేధము లేదు. కావున ఏరుకొనుటకుఁ జట్టము అడ్డురాదు. చిక్కు వేఱొకటి. నగరవేదికలపై నిప్పుడు ఇదే కిరీటము కనఁబడుచున్నది. ఈఁకలు అవియే, కొమ్ములు అవియే, ముందు జరుగవలసిన పూజ మాత్రము లేదు. వేదిక దిగినంతనే దానిని తీసి పెట్టెలోఁ బెట్టుదురు. గూడెమున నట్లు కాదు. కోలబోడినాఁడు బృందమంతయు ఇప్పచెట్టు క్రిందికిఁ జేరి, నైవేద్యము పెట్టిన పిదపనే గుస్సాడి తన కిరీటమును దింపును.