స్ట్రిప్పు వెనక రెండక్షరాలు

రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరులో మందుల షాపు కుర్రాడు షట్టరు సగం దించేశాడు. మా అక్క ఇంకా కౌంటరు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో థైరాయిడ్ మాత్రల స్ట్రిప్పు. ఆ చెయ్యి వణుకుతోంది.

"బాబూ, ఇందులో గోధుమపిండి కలుస్తుందా?"

"మాత్రలో గోధుమపిండేంటి మేడం!" అని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వాపేసి, సెల్‌ఫోను లైటు వేసి స్ట్రిప్పు వెనక్కి తిప్పాడు. మందు పేరు, మోతాదు ఉన్నాయి. వాటి కింద చీమ తలకాయంత అక్షరాల్లో "ఎక్సిపియెంట్స్ - క్యూ.ఎస్." అని ఉంది. ఆ క్యూ.ఎస్.కి లాటిన్‌లో అర్థం "కావలసినంత". కలిపినవేమిటో లేదు, కావలసినంత కలిపామని మాత్రం ఉంది.

థైరాయిడ్ మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. అది చేతికి అందే బిళ్ళ కావాలంటే పిండో, లాక్టోజో ఏదో ఒకటి కలపాల్సిందే. ఆ పిండి చాలావరకు మొక్కజొన్నది, కొన్నిట్లో బంగాళాదుంపది. గోధుమది అరుదు. కానీ ఆ అరుదైన మాత్ర తన చేతిలోది కాదని అక్కకి ఎవరు చెప్పాలి? ఆ పిండి పేరొకటి స్ట్రిప్పు మీద అచ్చువేయడానికి ఎంత చోటు పడుతుంది?

అప్పటికి అక్కకి సీలియాక్ జబ్బని తేలి ఐదు నెలలు. తేలడానికి ఆరేళ్లు పట్టింది. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే, ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి గోడని దెబ్బతీస్తుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. అన్నం తినే ఊళ్లలో ఈ జబ్బు ఎవరికీ తట్టదు. అక్క నీరసపడిన కొద్దీ మేము రాత్రిళ్లు అన్నం మాన్పించి పుల్కాలు పెట్టాం, బలమని. దగ్గర కూర్చుని, ఇంకొకటి ఇంకొకటి అంటూ పెట్టింది నేనే. ఇప్పుడు రాస్తుంటే కడుపులో దేవుతోంది.

ఆ ఆరేళ్లలో థైరాయిడ్ మాత్ర 50 నుంచి 75కి, 100కి, 150కి పెరిగింది. మందు చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ మాత్రం దిగలేదు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. "సరిగ్గా వేసుకోవడం లేదు" అన్నారు అందరూ. బావ ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టేవాడు. అక్క వాటిని పారెయ్యకుండా పాత పప్పుల డబ్బాలో దాచడం మొదలుపెట్టింది.

చివరికి ఒక డాక్టరమ్మ టీటీజీ రక్తపరీక్ష రాసింది. తర్వాత ఎండోస్కోపీ, బయాప్సీ. ఇంట్లో పుల్కాలు, ఉప్మా, సేమియా ఆగిపోయాయి. డబ్బా ఇంగువకి చాలావరకు మైదా కలుపుతారని తెలిశాక పోపులోంచి ఇంగువా పోయింది. మూడు నెలలకి అక్క మొహంలోకి రక్తం వచ్చింది.

ఐదో నెలలో గుండె దడ, చెమటలు. రాత్రంతా నిద్ర లేదు. తినేదాంట్లో గోధుమ రవ్వంత కూడా లేదు కాబట్టి ఈ మాత్రలోనే ఉందని అక్క తీర్మానించుకుంది. షాపు నుంచి వచ్చిన ఆ రాత్రే మందు మానేసింది. రెండు వారాల్లో దడ తగ్గింది. ఇక ఎవరు చెప్పినా వినే స్థితి దాటిపోయింది. ఈలోగా మేము కంపెనీకి మెయిల్ పెడితే, ఇందులో వాడేది మొక్కజొన్న పిండి, లాక్టోజు అని జవాబొచ్చింది. అక్క నమ్మలేదు. ఇంకో నెలకి మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, మంచం దిగడమే కష్టమైంది.

డాక్టరమ్మ పాత కాగితాలన్నీ తిరగేసింది. షాపుకి వెళ్లే ముందు రోజు ఇచ్చిన రక్తం రిపోర్టు అందులోనే ఉంది. మందు మానేశాం కదా అని ఎవరం చూడలేదు. టీఎస్‌హెచ్ 0.03.

"మాత్రలో గోధుమ లేదమ్మా. మీ పేగు మానింది" అందామె. "ఇన్నాళ్లూ 150 వేసుకుంటే పేగు దాంట్లో కొంతే పీల్చుకుంది. ఇప్పుడు బాగుపడి మొత్తం పీల్చుకుంటోంది. ఆ దడ ఎక్కువైన మందు వల్ల. గోధుమ మాన్పించినప్పుడే థైరాయిడ్ కూడా తరచూ చూసుకోవాలని నేను గట్టిగా చెప్పాల్సింది. మీరు మానేసే ముందు నాకొక ఫోను చేసి ఉండాల్సింది."

మోతాదు 75కి తగ్గించింది. ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించుకోమంది, షాపువాళ్లు కంపెనీ మార్చి ఇస్తే అడగకుండా తీసుకోవద్దంది.

అక్క తల దించుకుని వింది. లేవబోతూ ఆగింది.

"అంటే డాక్టరుగారూ, అప్పుడు నేను మందులు సరిగ్గానే వేసుకున్నట్టేగా?"

"వేసుకున్నారు. ఒంటికి పట్టలేదంతే."

బావ కుర్చీలోంచి లేవలేదు. చేతిలోని ఫైలు తాడు ముడి వేస్తూ, విప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

పప్పుల డబ్బా ఇప్పటికీ అటక మీదే ఉంది. పండక్కి ఇల్లు సర్దినప్పుడు పారేస్తానంటే అక్క వద్దంది.