హిరేబెణకల్ కొండపైని మోరియుల ఇండ్లు

కర్ణాటక రాష్ట్రమున కొప్పళ జిల్లాలో, గంగావతి పట్టణమునకు పడమటగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున హిరేబెణకల్ అను గ్రామము కలదు. 1956 వరకు ఈ సీమ హైదరాబాదు రాజ్యములోనిది. తుంగభద్ర ఎడమకాలువ పారిన పిదప కోస్తా జిల్లాలనుండి తరలివచ్చిన తెలుగు రైతులు ఈ తాలూకాలో "క్యాంపు"లు కట్టుకొని వరి పండించుచున్నారు. ఆ వరిమళ్ళ సీమలోనే, బండలు పేరుకొన్న ఒక కొండపై, సుమారు 400 ప్రాచీన శిలానిర్మాణములు నిలిచియున్నవి.

కొండయెక్కుట సులభము కాదు. శ్రమకోర్చి పైకి చేరినవారికి వీధులు తీర్చిన ఊరేమో యను భ్రాంతి కలుగును. మూడుప్రక్కల మూడు రాతిపలకలు నిలిపి, వానిపై నొక పెద్దపలకను కప్పిన గూళ్ళవి. కొన్ని నిలువెత్తు మనిషిని మించును; కొన్ని మోకాలియెత్తుకన్న నెక్కువ లేవు. కొన్నింటి పలకలో గుండ్రని రంధ్రము తొలిచియున్నది. సున్నము లేదు, బంధనము లేదు. బరువే వానిని నిలిపినది. పలకలు పెకలించిన తావు నేడు నీటిమడుగు. సమీపమున ఒక పెద్దగుండుపై అర్ధగోళాకారపు రాతినగారా యున్నది. కొట్టినచో దాని మ్రోత దూరమునకు వినవచ్చును. మృత్యువార్తను చాటుటకో, ఆపదను తెలుపుటకో దానిని వాడిరని కొందరి యూహ. ఊహ యందముగనే యున్నది గాని నిరూపణ లేదు.

నిజాము కొలువులోని మెడోస్ టైలర్ 19వ శతాబ్దిలో వీనిని లోకమునకు తెలిపెను. ఇవి క్రీ.పూ. 800-200 నడుమ ఇనుపయుగపు ప్రజలు నిర్మించిన సమాధులని పరిశోధకుల నిర్ణయము. 1955లో ప్రభుత్వ రక్షణ లభించెను; 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కెను.

గ్రామీణులు మాత్రము సమాధులనరు, మోరియుల ఇండ్లందురు. మోరియులు పూర్వమిచట వసించిన పొట్టివారట. ఈ పేరు విని, వీరు మౌర్యులే యని తలచినవారు కలరు. ఆ తలపునకు ఆధారమొకటి లేకపోలేదు: కొప్పళమున గవిమఠము, పాల్కిగుండులయందు అశోకుని శాసనములున్నవి. కాలము కొంత కలియుచున్నది. అయినను ఈ వాదము నిలువదు. అశోకుని శాసనమొక్కటియు లభింపని తమిళనాట, కృష్ణగిరి సీమయందలి మల్లచంద్రమున గల ఇట్టి గూళ్ళను ప్రజలు "మోరల్ పారై" యనుచున్నారు. ఒక రాజవంశపు పేరు ఆ వంశపు శాసనమే లేని సీమలో సమాధులకంటుకొనుట కంటె, మోరియులను మరుగుజ్జుల కథయే భాషల యెల్లలు దాటి వ్యాపించెననుట యుక్తము. తెలుగునాట ఆ పేరు బదులు వేరు పేర్లు వినవచ్చును: చంద్రగిరి చేరువ మల్లయ్యగారిపల్లెలోనివి పాండవ గుళ్ళు, తెలంగాణమున రాకాసి గుళ్ళు. ఒకచోట పొట్టివారు, ఒకచోట వీరులు, మరొకచోట రాక్షసులు! కట్టినవారిని మరచినను, ఇవి సామాన్యమానవుల పని కాదను వెరగును మాత్రము ఎవ్వరును మరువలేదు.

ఆ వెరగే ఇన్నాళ్ళు వీనికి కావలి. ఇల్లనియో గుడియనియో నమ్మినవాడు పలకను కదల్పడు. నిధియున్నదని నమ్మినవాడే గునపము పట్టును. ఇట్టి సమాధులలో సాధారణముగా దొరకునవి మట్టికుండలు, తుప్పుపట్టిన ఇనుప పనిముట్లు, కొన్ని ఎముకలు, పూసలు. బంగారము మిక్కిలి అరుదు. త్రవ్వినవాడు విసరివేసిన ఆ కుండపెంకులే చరిత్రకారునికి కావలసినవి.