వేయని గొట్టము, వచ్చిన వాయువు

2025వ సంవత్సరము ఆగస్టు నెలలో మానుకోట ప్రాంతమున యూరియా కొరకు రైతులు పడిన పాట్లు చాలమంది పాఠకులకు ఇంకను జ్ఞాపకముండును. వరి నాట్లు పడినవి. ప్రత్తి, మక్కజొన్న పెరుగు వేళ. సహకార సంఘముల ముందర తెల్లవారుజాము నుండియే వరుసలు ఏర్పడినవి. నిలువలేని వారు తమకు బదులుగా చెప్పులను, పాసుపుస్తకముల నకళ్ళను వరుసలో పెట్టి చెట్టు నీడకు పోయిరి. నర్సింహులపేట చుట్టుపట్ల పల్లెలలోను ఆ దినములలో ఏ ఇద్దరు కలిసినను ప్రశ్న ఒక్కటే: బస్తా దొరికినదా?

ఆ బస్తాలోని తెల్లని పలుకు ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న ఎవరును వేయలేదు. ఆకలిగొన్నవాడు వడ్ల జాతి అడుగడు గదా! అయినను ఆ ప్రశ్న వేసి చూచినచో సమాధానము సముద్రపు అడుగునకు పోవును. నర్సింహులపేటకు సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇచ్చటి ఆకేరు నీరు మున్నేటిలో కలిసి, అచ్చటనుండి కృష్ణలో పడి, తుదకు సముద్రము చేరుచున్నది. ఆ త్రోవకు ఎదురుగా సముద్రము ఈ పొలములకు పంపునదియు ఒకటి కలదు. అదియే సహజవాయువు.

యూరియా వాయువుతో చేయబడునని విన్నప్పుడు కొందరు నమ్మరు. సంగతి ఇట్లున్నది. గాలిలో నత్రజని విస్తారముగా ఉన్నది, కాని పైరు దానిని తిన్నగా పీల్చుకొనలేదు. దానిని ఉదజనితో కలిపి అమ్మోనియాగా మార్చవలెను. ఈ విద్యను జర్మనీ దేశమున ఫ్రిట్జ్ హేబర్ కనిపెట్టగా, కార్ల్ బోష్ 1913లో కర్మాగారపు స్థాయికి తెచ్చెను. ఉదజని కొరకు సహజవాయువును మించిన సులువైన పదార్థము నేటికిని లేదు. అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపినచో యూరియా ఏర్పడును. ఒక టన్ను యూరియాకు ఆరువందల పైచిలుకు ఘనపు మీటర్ల వాయువు పట్టును. అనగా 45 కిలోల బస్తా ఒకదాని వెనుక, మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదికి నిండు వాయువు ఉన్నదన్నమాట. వంటింటి సిలిండరులోనిది ఈ వాయువు కాదు. అది వేరొక జాతి.

ఈ వాయువును సముద్రపు అడుగున గొట్టము వేసి ఒక దేశమునుండి మరియొక దేశమునకు తెచ్చుకొను ఆలోచన మన దేశమునకు కొత్తది కాదు. 1993లో భారతదేశమునకును, అరేబియా సముద్రమున కావలి ఒడ్డున ఉన్న ఓమన్ దేశమునకును ఈ విషయమై అవగాహన కుదిరినది. అప్పుడు ప్రధానమంత్రి పాములపర్తి వేంకట నరసింహారావుగారు. నర్సంపేట దాపున ఉన్న లక్నేపల్లిలో జన్మించినవారు, మన పాత వరంగల్లు జిల్లా మనిషి. ఆయన పాలనలోని ఆర్థిక సంస్కరణలను గూర్చి వేయి పుటలు వ్రాయబడినవి. ఈ గొట్టమును గూర్చి మాత్రము మనవారిలో తలచుకొనువారు అరుదు. ఇది పూర్తి కాని పని గనుక మరుగున పడినదని మేము అనుకొందుము.

ఓమన్ నుండి గుజరాతు తీరమువరకు వేయి కిలోమీటర్లకు మించిన సముద్రము. భూమార్గమున ఇరాన్ నుండి తెచ్చుకొను ఆలోచనయు ఆ కాలమున ఉండెను, కాని ఆ త్రోవ పాకిస్తానుగుండ పోవలెను. రెండు దేశముల నడుమ మూడవ దేశము నిలిచినచో, కొళాయి మీట ఎవరి చేతిలో ఉండునను సందేహము తప్పదు. అందుచేత ఎవరి పొలిమేరయు తగలకుండ లోతు సముద్రమున గొట్టము వేయుదమనిరి.

చిక్కంతయు ఆ లోతులోనే వచ్చినది. గొట్టము పోవలసిన త్రోవలో సముద్రము ఇంచుమించు 3,500 మీటర్ల లోతు. ప్రతి పది మీటర్ల లోతునకు నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలో చొప్పున పెరుగును. అంత అడుగున ఒత్తిడి 350 కిలోలు! బొటనవ్రేలి గోరంత చోటుమీద కొన్ని బస్తాల వడ్లు మోపినట్లు. ఆ ఒత్తిడికి నలుగకుండ ఉండుటకు ఉక్కు మందము పెంచవలెను. మందము పెంచినకొలది గొట్టము బరువెక్కును. అంత బరువును మూడున్నర కిలోమీటర్ల పొడవున ఓడనుండి వ్రేలాడదీసి, తెగిపోకుండ మెల్లగా అడుగునకు దింపవలెను. ఒకవేళ పగిలినచో మునిగి బాగుచేయుటకు మనుష్యుడు పోజాలడు. చాలదన్నట్లు అక్కడి సముద్రగర్భము చదునైనది కాదు. సింధునది యుగయుగములుగా తెచ్చి పోసిన మేట ఒకవైపు, కొండ కోనలవంటి పగుళ్ళు మరియొకవైపు. అప్పటికి ప్రపంచమున ఎవ్వరును అంత లోతున అంత పెద్ద గొట్టము వేసి ఎరుగరు.

ఇతరులు ఎంత లోతు పోయిరో చూచినచో ఈ సాహసము అర్థమగును. ఆల్జీరియా వాయువు ట్యునీషియా మీదుగా మధ్యధరా సముద్రము దాటి 1983లో ఇటలీ చేరినది. అది ఆనాటికి గొప్ప కార్యమే, కాని లోతు కొన్ని వందల మీటర్లు మాత్రమే. నల్లసముద్రము క్రింద రష్యానుండి టర్కీకి వేసిన గొట్టములో 2003లో వాయువు పారినది. దాని లోతు 2,150 మీటర్లు. మనము తలపెట్టినది అంతకు ముందు పదేండ్లనాటి మాట, అంతకంటె ఒకటిన్నర రెట్ల లోతు.

సర్వేలు జరిగినవి, ఓడలు సముద్రగర్భమును కొలిచినవి. వ్యయము, సాంకేతిక సందేహము, ఓమన్ చేతిలో చాలినంత వాయువు ఉన్నదా అను శంక, ఈ మూడును కలిసి 1990ల మధ్యకాలమునకే ఆ ప్రయత్నము చల్లబడినది. తరువాత మరల మరల ఆ మాట ఎత్తినవారున్నారు. నేటివరకు ఒక్క గొట్టపు ముక్కయు అడుగున పడలేదు.

అయినను వాయువు ఊరకుండలేదు. చరిత్రలో మాకు మిక్కిలి ఆసక్తి కలిగించునది ఈ మలుపే. గొట్టము రాకపోగా ఓమన్ తన వాయువును మైనస్ 160 డిగ్రీలవరకు చల్లార్చి, ద్రవముగా మార్చి, 2000 సంవత్సరమునుండి ఓడలకెక్కించి అమ్మసాగెను. మరి మనకు? మన దేశపు సహకార సంస్థలైన ఇఫ్కో, క్రిభ్‌కోలు రెండును ఓమన్ చమురు సంస్థతో కలిసి ఆ దేశమున సూర్ అను రేవుపట్టణము చెంత ఎరువుల కర్మాగారము కట్టినవి. వాటాలు సగము వారివి, సగము మనవి. 2005లో ఉత్పత్తి మొదలయినది. ఏటికి 16 లక్షల 52 వేల టన్నుల యూరియా దాని శక్తి. ఆనాటి 50 కిలోల లెక్కన మూడు కోట్ల ముప్పది లక్షల బస్తాలు. ఆ యూరియాను పదునైదేండ్లపాటు మన దేశమే కొనునట్లు ఒప్పందము.

అనగా సముద్రపు అడుగున వాయువుగా రావలసినది, సముద్రము మీద పలుకులుగా వచ్చినది. సూర్ రేవున ఓడకెక్కి మన రేవులలో దిగి, గూడ్సు పెట్టెలలో దేశమంతట పంచబడినది. సన్నకారు రైతులు సభ్యులుగా గల సహకార సంస్థలు అరబ్బు దేశమున కర్మాగారము కట్టుట చిన్న విషయము కాదు. ఇంజనీర్లు సాధింపలేని లోతును వర్తకము చుట్టు త్రోవన దాటినదని చెప్పవచ్చును.

పరదేశపు మాట ఇట్లుండగా, మన తీరమున ఏమి జరిగినది? గోదావరి డెల్టాలో నరసాపురము చెంత 1978లో త్రవ్విన బావిలో వాయువు కనిపించినది. తరువాత రాజోలు, తాటిపాక పేర్లు వినవచ్చినవి. 2002లో కాకినాడకు ఎదుటి లోతు సముద్రమున పెద్ద నిక్షేపము బయటపడినది. 2009 ఏప్రిలులో ఆ వాయువు సముద్రపు అడుగు గొట్టములలో పారి, గాడిమొగ ఒడ్డుకు చేరి, అచ్చటనుండి ఇంచుమించు 1,400 కిలోమీటర్ల గొట్టముగుండ గుజరాతులోని భరూచివరకు పోయినది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని లెక్క వేసిరి. 2010లో 6 కోట్లు దాటిన మాట నిజమే. ఆ పిమ్మట ఊట తగ్గినది, ఏండ్లు గడిచినకొలది మరింత తగ్గినది. 2020లో ఆ మొదటి బావులు మూతబడినవి.

వాయువును నమ్మి కట్టిన విద్యుత్కేంద్రములు చేతులు ముడుచుకొని కూర్చున్నవి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రము కట్టిరి, అది నడువనే లేదు. దానికని తెప్పించిన యంత్రములలో కొన్ని బంగ్లాదేశమునకు తరలిపోయినవి. గొట్టము ఏ ఊటను నమ్మి వేసినదో ఆ ఊటకే కట్టుబడి యుండును. ఓడకున్న స్వేచ్ఛ దానికి లేదు. 2020 డిసెంబరునుండి, ఇంకను లోతైన బావులు తెరచిన మీదట, వాయువు మరల పెరిగినది.

ఈ వాయువునకు కోనసీమ చెల్లించిన వెల కూడ చెప్పక తప్పదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని అరువది దినములకు పైగా మండినది. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామములో గొట్టము పగిలి, నిద్రలోనున్న ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఇక రామగుండము. అచ్చట 1980లో బొగ్గుతో యూరియా చేయు కర్మాగారము తెరచిరి. సింగరేణి బొగ్గు కాళ్ళక్రిందనే ఉండగా వాయువు దేనికనిరి. ఆలోచన చెడ్డది కాదు. కాని బొగ్గును వాయువుగా మార్చు యంత్రములు సరిగా సాగలేదు, నష్టములు పెరిగినవి, 1999లో కర్మాగారము మూతబడినది. పదునారేండ్ల తరువాత, 2015లో, దానిని తిరిగి నిలుపుటకు ప్రభుత్వరంగ సంస్థలు కలిసి కొత్త కంపెనీ ఏర్పరచినవి. ఈమారు ముడిసరుకు బొగ్గు కాదు, వాయువు. బొగ్గు గనుల నడుమనున్న ఊరికి సముద్రపు వైపునుండి వాయువును తేవలసి వచ్చినది! పశ్చిమగోదావరి జిల్లాలోని కుంచనపల్లినుండి ఖమ్మము, పాత వరంగల్లు, కరీంనగరు జిల్లాల నేలలగుండ 360 కిలోమీటర్ల పైచిలుకు గొట్టము 2019 నాటికి సిద్ధమయినది. 2021 మార్చిలో అమ్మకపు ఉత్పత్తి మొదలయినది. రోజుకు 3,850 టన్నులు, అనగా నేటి 45 కిలోల బస్తాలు 85 వేలకు పైగా.

కర్మాగారము దగ్గర, గొట్టము దగ్గర, వాయువు దగ్గర. ఇక కొరత ఎట్లు వచ్చును? 2025లో వచ్చినది. ఆ వానాకాలమున రామగుండమున యంత్రములలో లోపము కలిగి ఉత్పత్తి పలుమారులు ఆగినది. విదేశములనుండి రావలసిన ఓడలు ఆలస్యమయినవి. వర్షములు మంచివి గనుక సాగు పెరిగినది. మూడును ఒకేసారి తటస్థించినవి. సముద్రమునుండి పొలమువరకు ఇంత పొడవైన త్రోవలో ఏ ఒక్క చోట ముడిపడినను, ఆ ముడి చివరకు నర్సింహులపేట రైతు వరుసలోనే తెలియవచ్చును.

నాలుగు వందల ఎకరాల భూస్వామికైనను, రెండెకరముల కౌలుదారునకైనను ఆ వరుస ఒక్కటే అని కొందరనిరి. మేము అంగీకరింపము. కౌలుదారునకు పాసుపుస్తకము లేదు. వరుసలో పెట్టుటకు అతనికి చెప్పులు మాత్రమే ఉన్నవి.

ఖమ్మము జిల్లాలో గొట్టము పోవు త్రోవను గుర్తించుట కష్టము కాదు. పొలముల నడుమ అక్కడక్కడ పొట్టి స్తంభములు నాటి, ఇచ్చట త్రవ్వరాదని వ్రాసి ఉంచిరి. గొట్టము క్రిందనే పోవుచుండును, పైన వరి పండుచుండును. మేము చూచిన ఒక చేనిలో నాటు పూర్తి అయినది, యూరియా ఇంకను చల్లలేదు. ఆ స్తంభమునకు ఎవరో దూడను కట్టి ఉంచిరి.