చోదకుల అలసట (నగర సరకు రవాణా)

నిద్రలేమి వలనను, దీర్ఘకాలపు పని వలనను వాహనచోదకునకు కలుగు అప్రమత్తతాలోపము. హైదరాబాదు వంటి నగరములలో పగటివేళ భారీవాహనముల ప్రవేశమునకు నిషేధములుండుటచే, దూరప్రాంతమునుండి వచ్చిన లారీ ఊరి వెలుపల నిలిచి, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట లోనికి వచ్చును. పగలెల్ల ఎండకు కాగిన క్యాబినులోనో, బండిక్రింద పరచిన తువాలు మీదనో కునుకుతీసిన చోదకుడు, దేహము సహజముగా నిద్రను కోరు రాత్రి రెండు మొదలు ఐదు గంటల నడుమనే ఇరుకువీథులలో బండి త్రిప్పవలసి వచ్చును. కిరాయి ట్రిప్పు లెక్కన ముట్టుచున్నంతకాలము, హమాలీలకై వేచియున్న గంటలను పనిగా ఎంచువారుండరు. అవి విశ్రాంతియు గావు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి మూడు సెకన్ల కునుకులో 50 మీటర్లు దాటును. ఎడతెగక 17 గంటలు మేల్కొన్నవాని చురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యమున్నవానివలెనే సన్నగిల్లునని 1997లో వెలువడిన డాసన్, రీడ్‌ల పరిశోధన తెలిపెను. మనదేశమున చట్టపరిమితి 0.03 శాతమే. తాగినవానిని పట్టుటకు బ్రీత్ ఎనలైజరు కలదు గాని, నిద్రచాలనివానిని పట్టుటకు పోలీసుల చేత అట్టి పరికరము లేదు. టీ, బీడీ, ముఖముపై చల్లుకొను చన్నీళ్లు కొంతసేపు కన్నులు తెరపించునే గాని నిద్రబాకీ తీర్పజాలవు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8, వారమునకు 48 గంటలను సామాన్యపరిమితిగా నిర్ణయించి, ఐదుగంటల పనికి పిమ్మట అరగంట విరామమును విధించెను. అయితే, ప్రభుత్వము ప్రత్యేకముగా విస్తరించిననే తప్ప, ఐదుగురికంటె తక్కువ కార్మికులున్న సంస్థలకది వర్తింపకుండెను గనుక, ఒకటి రెండు లారీల యజమానులే అధికముగాగల ఈ వృత్తిలో పెక్కుమంది చోదకులు ఆ రక్షణకు వెలుపలనే యుండిపోయిరి.