పాల పన్ను వేరులో నింపే మందు: వందేళ్ల వెతుకులాట

మొన్న అచ్యుతాపురంలో మా అక్క కూతురికి దవడ పన్ను పుచ్చి బుగ్గ వాచింది. పిల్లకి ఆరేళ్లు. డాక్టరమ్మ రూట్ కెనాల్ చెయ్యాలన్నారు. మా బావ వెంటనే, "పాల పన్నే కదండీ, ఎలాగూ ఊడిపోద్ది, పీకేయండి" అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా.

కానీ వెనక దవడ పాల పన్ను ఊడేది 10-12 ఏళ్లకి. ఇప్పుడే పీకేస్తే, దాని వెనక ఆరేళ్లప్పుడు వచ్చే పెద్ద పన్ను ముందుకి జరిగిపోతుంది. కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటుండదు. అందుకే కాపాడాలి. మరి లోపల ఏం నింపాలి? అసలు కథ ఇక్కడే ఉంది.

పెద్దవాళ్ల పంట్లో నింపే గట్టాపెర్చా జీవితాంతం అలాగే ఉండిపోవాలి. పాల పన్నుకి అది పనికిరాదు. కింద కొత్త పన్ను పైకొస్తుంటే పాల పన్ను వేరు మెల్లగా కరిగిపోతుంది కదా, నింపిన మందు కూడా అదే స్పీడ్‌లో కరగాలి. మా కోడింగ్ వాళ్ల టెంపరరీ ఫైల్ లాంటిదన్నమాట: పనయ్యేదాకా ఉండాలి, తర్వాత మిగలకూడదు.

1930లో అమెరికాలో స్వీట్ అనే డాక్టర్ జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపిన పేస్ట్ వాడారు. యూజినాల్ అంటే లవంగ నూనెలో ఉండేదే. పన్ను నొప్పెడితే మా అమ్మమ్మ లవంగం నొక్కిపెట్టుకునేది, దానికోసమే. ఇక జింక్ అంటే మన వైజాగ్ వాళ్లకి మింది దగ్గర మూతపడిన ఫ్యాక్టరీ గుర్తొస్తుంది! ఈ పేస్ట్ దశాబ్దాలు ఏలింది. కానీ వేరు కంటే నెమ్మదిగా కరుగుతుంది. పన్ను ఊడినా ముక్కలు చిగుర్లో మిగిలిపోతాయి, ఒక్కోసారి కొత్త పన్ను దారి తప్పుతుంది.

అంతకంటే భయపెట్టేది ఫార్మోక్రెసాల్. 1904లో బక్లీ తెచ్చిన మందు. పిల్లల పళ్లలో క్రిములు చంపడానికి తెగ వాడారు, కొందరు జింక్ పేస్టులోనూ కలిపారు. అందులో ఉండేది ఫార్మాల్డిహైడ్. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థంగా తేల్చింది. పంట్లో వాడేది చుక్కే, నిజమే. కానీ వేరే దారి ఉన్నప్పుడు పిల్లల నోట్లో అది ఎందుకు?

అటు జర్మనీ డాక్టర్ వాల్కాఫ్ అయడోఫామ్ పేస్ట్ తెచ్చారు. దీనిది రివర్స్ ప్రాబ్లం: వేరు కంటే ముందే కరిగిపోతుంది. తర్వాత దానికి కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి జపాన్ వాళ్లు వైటాపెక్స్, కొరియా వాళ్లు మెటాపెక్స్ చేశారు. సిరంజితో నింపడం తేలిక, వేరు దాటి బయటికొచ్చినా శరీరం పీల్చేసుకుంటుంది. అయినా కొన్నిసార్లు తొందరపడి వేరు లోపలే ఖాళీ అయిపోతుంది. అందుకే జింక్ ఆక్సైడ్‌నీ ఈ రెండిటినీ కలిపి ఎండోఫ్లాస్ వచ్చింది.

మన భీమవరంలోనూ ఈ పని జరిగింది! విష్ణు డెంటల్ కాలేజీ వాళ్లు యూజినాల్ తీసేసి, ఓజోన్ పట్టించిన నూనెతో జింక్ ఆక్సైడ్ కలిపి పిల్లల దవడ పళ్లలో నింపి చూశారు. ఏడాది తర్వాత పాత పేస్ట్ కంటే ఇదే బాగా పనిచేసిందని 2014లో యూరప్ పత్రికలో రాశారు. ఒక్క స్టడీతో మందు మార్కెట్‌లోకి రాదనుకోండి. కానీ ప్రశ్న మాత్రం సరైనది వేశారు.

మా పిల్లకి ఏం నింపారని అడిగా. మెటాపెక్స్ అన్నారు డాక్టరమ్మ. ఆర్నెల్లకి ఎక్స్‌రేకి రమ్మన్నారు. ఈసారి తీసుకెళ్లేది మా బావే.