పెద్దవారి ఊబకాయానికి కొవ్వు ప్రమాణాలు: పశ్చిమ ప్రకాశం

ఒంట్లో కొవ్వు ఎంతవరకు ఉండవచ్చు, ఎక్కడి నుంచి ఊబకాయం అనాలి అని తేల్చే హద్దులను కొవ్వు ప్రమాణాలు అంటారు. పలకల గనులు, మెట్ట సేద్యం, వలసలు ఉన్న పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలోనూ ఇప్పుడు ఈ హద్దులతో పని పడుతోంది.

కొలత బరువుతో మొదలైంది. పెద్దవారి బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి మారుతుందని బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే 1832లో గమనించాడు. ఆయన వెతికింది సగటు మనిషి కోసం, ఊబకాయుల కోసం కాదు. 1972లో అమెరికన్ శాస్త్రవేత్త యాన్సెల్ కీస్, కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్కకు బీఎంఐ అని పేరు పెట్టాడు. 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం అని ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది.

అసలు కొవ్వును కొలవడం వేరే దారిలో సాగింది. 1942లో ఆల్బర్ట్ బెంకే బృందం మనుషులను నీళ్లలో ముంచి తూచి, ఎత్తు-బరువు పట్టికల ప్రకారం బరువెక్కువని తేలిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఉన్నది కండేనని చూపింది. 1974లో డర్నిన్, వొమర్‌స్లీ చర్మపు మడతల మందం నుంచి కొవ్వు శాతం లెక్కగట్టే పద్ధతి ఇచ్చారు. మగవారికి 25 శాతం, ఆడవారికి 35 శాతం అనే హద్దులు విరివిగా వాడుకలో ఉన్నా, వాటిపై ప్రపంచమంతటికీ ఏకాభిప్రాయం లేదు.

మన శరీరాల విషయంలో కనువిప్పు కలిగించింది 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఒక చిన్న వ్యాసం. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. ఆసియావాసులకు బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త పడాలని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. 2009లో భారతీయ వైద్యులు 25ను ఊబకాయపు హద్దుగా, నడుం చుట్టుకొలతకు మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లను హద్దుగా ఖరారు చేశారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నగర సమీపంలోని 29 పల్లెల్లో సాగించిన దీర్ఘకాల అధ్యయనంలో డెక్సా అనే ఎక్స్‌రే యంత్రంతో పల్లె జనం కొవ్వును నేరుగా కొలిచారు.

పశ్చిమ ప్రకాశంలో ఈ ప్రమాణాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కనిగిరి, పొదిలి వైపు తాగునీటి ఫ్లోరైడ్ వల్ల కొందరికి వెన్ను వంగిపోతుంది. 60 కిలోలు, 160 సెంటీమీటర్లు ఉన్న మనిషి బీఎంఐ 23.4. వెన్ను వంగి ఎత్తు 152కి తగ్గితే, గ్రాము కొవ్వు పెరగకుండానే అది 26 అవుతుంది. అలాంటివారికి ఎత్తుకు బదులు బార కొలిచి లెక్కవేయడం మేలు. దీన్ని పట్టించుకోకుండా ఊబకాయుల జాబితా తయారుచేస్తే అన్యాయమే. నల్లమల చెంచు గూడేల్లోనైతే బీఎంఐ 18.5కు దిగువన, అంటే తక్కువ బరువుతో ఉన్నవారిని గుర్తించడం అంతకంటే ముఖ్యం.

పల్లెల్లో డెక్సా లేదు, టేపు ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారి వివరాలు ఆశా కార్యకర్త నింపే పత్రంలో నడుం కొలతకూ మార్కులుంటాయి. సరిగ్గా కొలవాలంటే చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక, చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి అడ్డం లేకుండా టేపు చుట్టాలి. బీఎంఐ ఒక్కదానితో ఊబకాయాన్ని నిర్ధారించవద్దని, నడుం వంటి మరో కొలతతోనైనా సరిచూసుకోవాలని 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా చెప్పింది.